మన హాలుకి ఏ బల్ల కావాలి?



హాలుకి డైనింగ్ టేబుల్ కొనాలని పోయిన మీటింగులో మాట వచ్చింది. పాలిష్ పెట్టిన పెద్ద టేబుల్ ఫోటో గ్రూపులో అందరం చూశాము. అందంగా ఉంది, కాదనను. కానీ అది ఒకసారి లోపలికి వచ్చిందంటే మళ్ళీ కదలదు. ఆదివారం తెలుగు క్లాసు పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? ఇప్పటికే ఫంక్షన్ ఉన్న వారం క్లాసు ఎగిరిపోతోంది. "వచ్చే వారం చూద్దాం" అని రెండుసార్లు చెబితే మూడో వారం పిల్లలు రారు. అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాను.

నేను చెప్పేది స్టాండు బల్ల. కాళ్ళు చాపి నిలబడే మడత స్టాండ్లు రెండు, వాటి మీద ఒక పలక, అంతే. ఇంగ్లీషులో ట్రెసిల్ అంటారు. రైల్వేవాళ్ళకి ఆ మాట కొత్త కాదు, అలాంటి కాళ్ళ మీద నిలబడే వంతెనకీ అదే పేరు. పూర్వం యూరపులో దొరల ఇళ్ళలో కూడా భోజనానికి ఇలాగే పలకలు పరిచి, అయ్యాక తీసి పక్కన పెట్టేవాళ్ళు. అంత దూరం ఎందుకు, మన కల్యాణ మండపాల్లో చూసేది అదే కదా. ఇనుప స్టాండ్లు, సన్నటి పొడుగు పలకలు, మీద పేపరు రోలు. బంతి లేవగానే పేపరు చుట్టేస్తారు. (మన బంతిని తమిళంలో 'పంది' అంటారు. అలవాటులో మనవాళ్ళు "పందిలో కూర్చోండి" అంటే ఆంధ్రా చుట్టాల ముఖాలు చూడాలి! రెండూ సంస్కృతం 'పంక్తి' నుంచి వచ్చినవే.)

మా ఇంట్లో ఉన్నది ఇలాంటిదే. ఫ్లాటు చిన్నది. పొద్దున ఆ బల్ల మీద దోసెలు, పదింటికి కోడలి ల్యాప్‌టాప్, సాయంత్రం నేనూ మనవరాలూ తెలుగు అక్షరాలు. నేను చదివిందంతా తమిళ మీడియం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగాను గానీ, రాయడం అరవై దాటాక ఆ బల్ల మీదే వచ్చింది. మనవరాలు నాకంటే ముందే ఒత్తులు దాటేసింది. ఇప్పుడు నా నోట్‌బుక్కు తనే ఎర్ర పెన్నుతో దిద్దుతుంది. సర్వీసులో ఆడిట్‌వాళ్ళు కూడా అంత ఎర్ర ఇంకు వాడలేదు.

ఇక లెక్క. ప్లైవుడ్ షీటు 8 అడుగులకి 4 అడుగులు వస్తుంది. నిలువుగా కోస్తే 2 అడుగుల వెడల్పు పలకలు రెండు. మనిషికి 2 అడుగులు వేసుకుంటే ఒక్కో పలకకి ఒకే వైపు నలుగురు కూర్చుంటారు, వడ్డించేవాళ్ళు ఎదురుగా నడుస్తారు. క్లాసుకి రెండు పలకలూ చేర్చితే ఎదురెదురుగా 8 మంది పిల్లలు. మందం 19 మిల్లీమీటర్లు ఉండాలి, తక్కువైతే నడుమ వంగుతుంది. స్టాండ్లు మరీ చివర్లో పెట్టకూడదు. ఒక్కో కొస నుంచి ఒకటిముప్పావు అడుగు లోపలికి ఉంటే పలక తక్కువ వంగుతుంది.

భోజనానికి 30 అంగుళాల ఎత్తు సరి. చిన్నపిల్లలకి అది గడ్డం దాకా వస్తుంది, చెయ్యి పైకెత్తి రాస్తే అక్షరం ఎలా కుదురుతుంది? వాళ్ళకి 22 అంగుళాల పొట్టి స్టాండ్లు వేరేగా చేయిద్దాం, పలకలు మాత్రం అవే. పాలిష్ టేబుల్ కాళ్ళు అలా మార్చగలమా?

లోపాలు లేవని అనను. కొస మీద ఎవరైనా బరువు వేస్తే పలక లేస్తుంది. అందుకని అడుగున కొక్కెం పెట్టి స్టాండుకి తగిలించాలి. స్టాండు కాళ్ళు జారకుండా మధ్యలో గొలుసు కావాలి. సాంబారు ఒలికితే ప్లైవుడ్ అంచు ఉబ్బుతుంది, అంచులకి పట్టీ తప్పదు. పలక ఒక్కొక్కటి 17, 18 కిలోలు తూగుతుంది, మోయడానికి ఇద్దరు కావాలి. ఆ ఇద్దరిలో ఒకడిగా నన్ను రాసుకోండి, మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి.

వచ్చే ఆదివారం మా ఇంటి బల్లే హాలుకి తెస్తున్నాను. తొమ్మిదిన్నరకి క్లాసు, పన్నెండుకి దాని మీదే ఆకు వేసి టిఫిను. కమిటీవాళ్ళు టేబుల్‌కి అడ్వాన్సు కట్టేముందు ఒకసారి వచ్చి కూర్చుని చూడండి. సాయంత్రం ఆరులోగా బల్ల తిరిగి ఇంటికి చేరాలని మనవరాలి కండిషను.