చించి పారేసే కార్డులో తాతమ్మ పుట్టిల్లు

మీ నాయనమ్మగారి అత్తగారి పేరు మీకు తెలుసా? ఠక్కున చెప్పగలిగితే మీరు అదృష్టవంతులే. తాతగారి తండ్రి పేరయితే చాలా ఇళ్లల్లో తెలుస్తుంది. దస్తావేజుల్లో ఉంటుంది, పట్టాల్లో ఉంటుంది, లేదంటే మనవడికి ఆ పేరే పెట్టుకుని ఉంటారు. ఆడవాళ్ల పేర్లు మాత్రం రెండు తరాలు దాటేసరికి పొయ్యిమీద పెట్టిన నీళ్లలా ఆవిరైపోతాయి. అందులోనూ మాలాగా ఊరు వదిలి వలస వచ్చిన కుటుంబాలయితే చెప్పక్కర్లేదు.

మాది కోదాడ. అంటే ఇప్పుడు మాది కోదాడ. మా అత్తగారి వాళ్లది జగ్గయ్యపేట అవతల, అప్పటి కృష్ణా జిల్లా మెట్ట ఊరు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ, అదే లాల్‌బహదూర్ కాలువ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వస్తుందని తెలిసి, అవతలి నుంచి ఎన్నో కుటుంబాలు ఇటు కదిలాయి. అక్కడ ఎకరం అమ్ముకుంటే ఇక్కడ నాలుగైదు ఎకరాలు వచ్చేవని పెద్దవాళ్లు చెప్పేవారు. మా వారి తాతగారు 1968లో రెండెడ్ల బండిమీద సామాను వేసుకుని వచ్చి, జొన్న పండే చేలను చదును చేసి వరి మళ్లు చేశారు. అప్పటినుంచి మేము ఇక్కడివాళ్లమే. అయినా 'వాళ్లు ఆంధ్రోళ్లు' అనే మాట నా పెళ్లయిన కొత్తలో కూడా విన్నాను.

నాలుగేళ్ల క్రితం మా అత్తయ్యగారు పోయారు. పన్నెండో రోజు సపిండీకరణం అని చేస్తారు కదా. పోయినావిడ పిండాన్ని ఆవిడ అత్తగారు, ఆ అత్తగారి అత్తగారు, ఇలా పై మూడు తరాల ఆడవాళ్ల పిండాలతో కలుపుతారు. శాస్త్రిగారు ఒక్కొక్క పేరూ అడుగుతున్నారు. మా వారు నాయనమ్మ పేరు చెప్పారు. తాతమ్మ పేరు దగ్గర మా పెదమావయ్యగారు అడ్డొచ్చారు. "ఆవిడ మా నాన్నకి మారుతల్లి. కన్నతల్లి వేరే. ఆవిడ అలిగి పుట్టింటికి పోయి మళ్లీ రాలేదంట. పేరు ఎవరికీ తెలీదు" అన్నారు.

శాస్త్రిగారు గోత్రంతో సరిపెట్టి కార్యక్రమం కానిచ్చారు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అలిగి పోయింది అన్న ఒక్కమాటే మా ఇంట్లో ఆవిడకు మిగిలిన చరిత్ర. ఇంట్లో ఏ ఆడపిల్ల కాస్త గట్టిగా మాట్లాడినా "ఆ తాతమ్మ పోలికే" అనడం నేను ఎన్నిసార్లో విన్నాను. రెండేళ్ల పిల్లాణ్ణి వదిలేసి ఏ తల్లయినా ఊరికే పోతుందా? పోతే ఎందుకు పోయింది? ఇది తేల్చుకోవాలనిపించింది.

ముందు మా ఇంట్లో తాతగారి ట్రంకు పెట్టె తీశాను. దస్తావేజులున్నాయి, ప్రోనోట్లున్నాయి, పసుపు అంటిన శుభలేఖలు బోలెడు ఉన్నాయి. పెద్దకర్మ కార్డు ఒక్కటి కూడా లేదు. ఎందుకుంటుంది? చావు కబురు వచ్చిన కార్డును గుమ్మం బయటే చదివి చించి పారేయడం మన అలవాటు. అశుభం ఇంట్లో ఉంచకూడదంటారు. ఆ నమ్మకాన్ని నేను తప్పు పట్టను. కానీ ఒక్కసారి ఆలోచించండి. శుభలేఖలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, వాళ్ల తల్లిదండ్రులు, తాతముత్తాతలు ఉంటారు. పెద్దకర్మ కార్డులో పోయినవాళ్ల పేరు, తిథి, తేదీ, ఊరు, కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మేనల్లుళ్లు, ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో అన్నీ ఉంటాయి. ఒక కుటుంబం మొత్తం ఒక కార్డుమీద ఉంటుంది. దాన్నే మనం చించేస్తాం.

మా పాత ఊళ్లో వరసకు పెద్దత్తయ్య ఒకావిడ ఉన్నారు. ఎనభై దాటాయి. వాళ్లాయన బతికున్న రోజుల్లో ఊరి పోస్టాఫీసు వాళ్ల ఇంట్లోనే నడిచేది. ఆయనకు కాగితం చించడమంటే గిట్టేది కాదట. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ వంచిన ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేవారు. చావు కబుర్లకు వేరే తీగ, అది వసారాలో. ఆవిడ ఆ తీగలు అలాగే ఉంచారు. మా అమ్మాయీ నేనూ రెండు పూటలు కూర్చుని ఒక్కొక్కటే చదివాం. దుమ్ముకు తుమ్ములు, ఎలకలు కొట్టిన అంచులు!

అందులో 1971 నాటి కార్డు ఒకటి దొరికింది. మధిర దగ్గర ఒక ఊరి పెద్దాయన పెద్దకర్మ. కింద కొడుకుల పేర్ల తర్వాత 'మేనల్లుడు, కోదాడ' అని మా తాతగారి పేరు! మేనల్లుడంటే ఆ పోయినాయన మా తాతగారికి మేనమామ. మేనమామ ఊరంటే తల్లి పుట్టిన ఊరు. మారుతల్లి పుట్టిల్లు మాకు తెలుసు, అది నందిగామ వైపు. కాబట్టి ఇది కన్నతల్లి పుట్టిల్లే. యాభై ఏళ్లుగా ఎవరూ చెప్పలేని సంగతి ఒక కార్డు చెప్పింది.

మధిరకు ఆ పక్కనే ఆ ఊరు. అక్కడ ఆ మేనమామగారి మనవడు ఉన్నారు. మేము ఎవరమో చెప్పగానే ఆయన చెప్పులు తొడుక్కుని నేరుగా పొలానికి తీసుకెళ్లారు. గట్టుమీద వేపచెట్టు కింద చిన్న తిన్నె, దానిమీద అరిగిపోయిన నాపరాయి. "మా తాత చెల్లెలమ్మా. రెండో కాన్పుకని పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. విషజ్వరం వచ్చి కడుపులో బిడ్డతోనే పోయింది. ఆ వారంలోనే ఇంట్లో ఇంకో ఇద్దరు పోయారంట. కాల్చడానికి మనుషుల్లేక ఇక్కడే పూడ్చారు. తర్వాత తాత రాయి పెట్టించాడు" అన్నారు.

నీళ్లు పోసి, చీపురుతో తోమి, పిండితో రుద్దితే అక్షరాలు తేలాయి. పేరు, ఫలానా వారి భార్య, 'కాళయుక్తి సం. ఆశ్వయుజ బ. చవితి'. ఇంగ్లీషు సంవత్సరం లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను, మీకూ పనికొస్తుంది. మన తెలుగు సంవత్సరాలు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి మళ్లీ ప్రభవ వస్తుంది. ప్రభవ 1987 ఉగాదికి మొదలైంది. అక్కడినుంచి వేళ్లమీద లెక్కపెట్టుకోవచ్చు. వెనక్కి పోవాలంటే అరవై తీసేస్తూ పోవాలి. కాళయుక్తి యాభైరెండోది. అంటే 1978లో ఒకటి, 1918లో ఒకటి. మా తాతగారు పుట్టింది 1916లో. కాబట్టి రాతి మీది సంవత్సరం 1918. ఆశ్వయుజ బహుళ చవితి అంటే ఆ ఏడు అక్టోబరు నాలుగో వారం.

1918 అక్టోబరు! మొన్న కరోనా వచ్చినప్పుడు మనమంతా విన్నాం, నూరేళ్ల క్రితం ఇలాంటిదే ఇన్‌ఫ్లుయెంజా వచ్చిందని. ఆ జ్వరం 1918 జూన్‌లో బొంబాయి రేవులో దిగింది. మొదట పెద్దగా ప్రాణాలు తీయలేదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రెండోసారి వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. మన దేశంలోనే కోటిమందికి పైగా పోయారు. 1911 నుంచి 1921 దాకా ఉన్న పదేళ్లలో దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వయసువాళ్లనూ, గర్భిణీ స్త్రీలనూ అది ఎక్కువగా పొట్టన పెట్టుకుంది. మా తాతమ్మ ఆ లెక్కలో ఒకరు.

అలిగి పోలేదు. కాన్పుకు పోయింది. రాలేక పోయింది. నూరేళ్లకు పైగా మోసిన నింద అది. పైగా ఆవిడ పుట్టిన మధిర ప్రాంతం ఆనాడు నైజాం ఏలుబడిలోది. మాది అటునుంచి ఇటు వచ్చిన ఇల్లు అనుకున్నాం గానీ, మా తాతగారి కన్నతల్లి అసలు ఇటు పిల్లే! నైజాం సరిహద్దులో కరోడ్‌గిరి నాకాలు పెట్టి సుంకం వసూలు చేసిన రోజుల్లో కూడా పిల్లనివ్వడం, పిల్లను తెచ్చుకోవడం ఆగలేదన్నమాట. ఆ ఏడు అత్తయ్యగారి సంవత్సరీకానికి శాస్త్రిగారు అడిగినప్పుడు మా వారు తాతమ్మ పేరు గట్టిగా చెప్పారు. పెదమావయ్యగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

మాది నలభై మైళ్ల వలస. సముద్రాలు దాటిన మనవాళ్ల సంగతి ఏమిటా అని మా అమ్మాయిని అడిగితే కంప్యూటర్లో వెతికి పెట్టింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఆగింది. చెరకుతోటల్లో కూలికి ఒప్పందం మీద తీసుకెళ్లారు. 1911 వరకు అలా లక్షా యాభైరెండు వేల మందికి పైగా మన దేశం నుంచి అక్కడికి వెళ్లారు. అందులో విశాఖపట్నం, గంజాం వైపు తెలుగువాళ్లు ఎందరో. ఫిజీకి, మారిషస్‌కు కూడా ఇలాగే వెళ్లారు. డర్బన్‌లో ఇంటిపేర్లు పోయి చాలామందికి 'నాయుడు' అన్నదే ఇంటిపేరుగా మిగిలింది. తెలుగు మరిచిపోకూడదని 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

వాళ్ల మునిమనవలు ఇప్పుడు పూర్వీకుల ఊరు వెతుక్కుంటున్నారు. వాళ్లు పట్టుకునే మొదటి ఆధారం ఏమిటో తెలుసా? చావు కాగితమే. అక్కడ మనిషి పోతే ఆస్తి వ్యవహారం తేల్చడానికి నింపే మరణ పత్రంలో పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు, భార్య లేక భర్త పేరు, పిల్లల పేర్లు రాస్తారు. అక్కడినుంచి వెనక్కి పోతే ఓడ జాబితా. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చ. ఆడవాళ్లకూ విడిగా నంబరు, చంటిపిల్లలకూ నంబరు. అది వాళ్లమీద ప్రేమతో రాసింది కాదు, కూలీల లెక్కకోసం రాసింది. అయినా దానివల్ల ఓడెక్కిన పేద తెలుగుపిల్ల పేరు, ఆమె తండ్రి పేరు ఈనాటికీ నిలిచింది. సొంత ఇంట్లో, సొంత మనుషుల మధ్య పోయిన మా తాతమ్మ పేరు నిలవలేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీరూ వెతకాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

ముందు తద్దినాలు. ఏ తిథికి ఎవరి తద్దినం పెడతారో ఇంట్లో పెద్దవాళ్లకు తెలుస్తుంది. తిథి తెలిసి, సంవత్సరం పేరు కూడా తెలిస్తే పైన చెప్పిన లెక్క వేయండి.

పొలాల్లో, ఊరి చివర సమాధులు, తిన్నెలు చూడండి. కాల్చే ఇళ్లల్లో కూడా చిన్నపిల్లల్ని, అంటువ్యాధితో పోయినవాళ్లని పూడ్చిన చోట్లు ఉంటాయి. పొలం అమ్మేటప్పుడు రాయిమీద ఏముందో ముందు రాసుకోండి, ఫొటో తీయండి.

క్రైస్తవ సోదరీమణులకు ఇంకా సులువు. పాత చర్చిల్లో బాప్తిస్మం, పెళ్లి, భూస్థాపన ఈ మూడింటికీ రిజిస్టర్లు రాస్తారు. పాస్టరుగారిని మర్యాదగా అడిగితే చూపిస్తారు.

గయ, ప్రయాగ, కాశీ వెళ్లినవాళ్లుంటే ఏ పండా దగ్గర దిగారో కనుక్కోండి. వాళ్ల పుస్తకాల్లో ఊరివారీగా పేర్లుంటాయి.

నైజాం నాటి కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి, మన లెక్కకు సుమారుగా వస్తుంది. ఉర్దూ చదివే పెద్దవాళ్లు కోదాడ, సూర్యాపేటల్లో ఇంకా ఉన్నారు. వాళ్లుండగానే చదివించుకోండి.

దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పోయినవాళ్లకు సర్టిఫికెట్టు లేదని నిరాశపడకండి. కార్డో, రాయో, పెద్దత్తయ్య జ్ఞాపకమో ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఇంట్లో పెద్దావిడ పోయినప్పుడు కార్డు వేయించేది మగవాళ్లయినా, ఏం రాయాలో పక్కనుండి చెప్పేది మనమే. 'ఫలానా వారి ధర్మపత్ని' అని ఊరుకోకండి. ఆవిడ తల్లిదండ్రుల పేర్లు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు కూడా ఒక్క వరుస వేయించండి. తిథితోపాటు తేదీ, సంవత్సరం అంకెల్లో వేయించండి. ప్రెస్సువాళ్లు ఆ వరుసకు డబ్బులేం ఎక్కువ తీసుకోరు. ఈరోజుల్లో వాట్సాప్‌లో ఫొటో పెడుతున్నారు. అది చూసి చెరిపేయకుండా ఒకచోట దాచమని పిల్లలకు చెప్పండి. కార్డు ఇంట్లో ఉంచడానికి మనసొప్పకపోతే కొట్టాంలోనో, వసారాలోనో ఒక తీగకు గుచ్చండి. అశుభమూ అంటదు, చరిత్రా పోదు.

మా ఇంట్లో ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాను. పాలలెక్క రాసే పుస్తకం పక్కనే దాన్నీ తగిలించాను. అందులో మగవాళ్ల పేర్లు ఒకవైపు, ఆడవాళ్ల పేర్లు పుట్టిన ఊరితో సహా ఇంకోవైపు. తాతమ్మకు పైతరం గడి ఇంకా ఖాళీగానే ఉంది. పండక్కి వచ్చిన చుట్టాలెవరైనా ఒక పేరు చెబితే వెంటనే రాసేస్తున్నాను. మీ అమ్మగారు, అత్తగారు ఎదురుగా ఉండగానే మీరూ ఈ ఆదివారం ఒక పుస్తకం మొదలుపెట్టండి. ఏమంటారు?