ఒప్పుకోలుకు ముందు

మా గిరిసోల ఎల్లమీది యూరు. జాతీయ రహదారిపై దక్షిణముగా సాగిన ఇచ్ఛాపురము, ఉత్తరముగా సాగిన బరంపురము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనపుడు ఏర్పడిన ఈ ఎల్లను దాటుటకు నేటికిని ఎవరి యనుమతియు నక్కరలేదు. మా పెద్దలు గోపాలపురము రేవున ఓడనెక్కి రంగము పోయిన దినములలో బర్మాయు హిందూదేశములోని భాగమే. 1937లో అది వేరుపడినది. నేడు దేశాంతరము పోవువానిని నీ వెవరవని మాత్రమేగాక, నీపై నేరమేమైన నున్నదా యనియు నడుగుదురు.

నేను చిరకాలము కోర్టు కాగితములు వ్రాసిన గుమాస్తాను. మా వీధి కుఱ్ఱవాడొకడు గల్ఫు ఉద్యోగమునకు ప్రయత్నించుచుండగా కొట్లాట కేసులో చిక్కెను. తల్లి తన గొలుసు కుదువపెట్టి ప్రయాణమునకు సొమ్ము కూర్చినది. "నేను కొట్టలేదు తాతా! అయినా ఒప్పేసుకుని జరిమానా కట్టేస్తే పీడ వదిలిపోతుంది గదా?" అని యతడు నన్నడిగెను.

తొందరపడవద్దంటిని. 1967 నాటి పాస్‌పోర్టు చట్టము ప్రకారము కేసు నడచుచుండగా పాస్‌పోర్టు నిరాకరింపవచ్చును. అయినను కోర్టువారు దేశము విడుచుట కనుమతించినచో, 1993 నాటి ప్రకటన ననుసరించి దానిని పొందవచ్చును. నైతిక పతనముతో గూడిన నేరమునకు గత ఐదేండ్లలో రెండేండ్లకు తక్కువ కాని ఖైదు పడినవానికిని నిరాకరింతురు. జరిమానా మాత్రమే యైన ఈ నిషేధము వర్తింపదు. కాని పరదేశమువారి ప్రశ్నలు వేరు. అమెరికా వీసా పత్రము, క్షమాభిక్ష పొందిన నేరమునైనను చెప్పుమనును. దాచుట మఱియొక నేరము.

అతడు వకీలుచేత అర్జీ పెట్టించి, కోర్టు అనుమతి పొందెను. కేసు ఇంకను నడచుచున్నది. చేయని తప్పు మాత్రము అతని పేర వ్రాయబడలేదు.

పుట్టుకచే భారత పౌరుడైనవానికి శిక్షపడినంతమాత్రమున పౌరసత్వము పోదు. పరదేశమునుండి వచ్చి పౌరుడైనవానికి అట్టి నిశ్చింత లేదు. ఐదేండ్లలోపల రెండేండ్లకు తక్కువ కాని ఖైదు పడినచో, 1955 నాటి పౌరసత్వ చట్టము క్రింద ప్రభుత్వము దానిని తొలగింపవచ్చును. హోండురాసున బుట్టి, నలుబదేండ్లకు పైగా అమెరికాలో స్థిరనివాసియైన పాడిల్లా యనునాయన, భయము లేదన్న వకీలు మాట నమ్మి నేరము నొప్పుకొనెను; దేశబహిష్కారము ముంగిట నిలిచెను. అట్టి యపాయమును వకీలు ముందే చెప్పవలెనని అచటి సుప్రీంకోర్టు 2010లో తీర్పు చెప్పినది.

మన యిండ్ల పిల్లలు నేడు సముద్రములు దాటుచున్నారు. ఊరి కోర్టులో "ఒప్పుకొంటిని" అనుటకు ముందు, ఆ మాట తమ వెంట ఎంతదూరము వచ్చునో అడిగి తెలిసికొనుడని వారికి నా మనవి.