మల్లెకు కత్తెర వేళ

బాపట్ల నుంచి రేపల్లె వైపు 216వ నంబరు జాతీయ రహదారిపై సాగితే దారిలో తగిలే ఊరు కర్లపాలెం. సముద్రం ఎంతో దూరంలో లేదు. అందుకే ఈ ప్రాంతంలో ఇసుక పాలు ఎక్కువున్న నేలలు కనిపిస్తాయి. నీరు నిలవని ఇలాంటి నేలంటే మల్లెకు మహా ఇష్టం.

పొద గుబురుగా ఉన్నా పూలు పలచబడ్డాయంటే లోపం కత్తిరింపులోనే ఉండొచ్చు. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగుళ్లకే. పైగా తీరప్రాంతంలో చలి తక్కువ. మొక్క తనంతట తాను విశ్రాంతి తీసుకోదు. ఆ విశ్రాంతి మనమే ఇవ్వాలి.

అందుకే డిసెంబరులో నీళ్లు ఆపేస్తారు. జనవరిలో ఆకు దూసేసి, నేల నుంచి అడుగున్నర, రెండడుగుల ఎత్తు ఉంచి పై కొమ్మలు కత్తిరిస్తారు. ఎండినవి, తెగులు సోకినవి, ఒకదాన్నొకటి ఒరుసుకునేవి మొదలంటా తీసేస్తారు. లావు కొమ్మల కోతలకు బోర్డో పేస్టు పూస్తే శిలీంధ్రాలు చేరవు.

మోడులా నిలిచిన పొదను చూసి ఇల్లాలి ప్రాణం ఉసూరుమంటుంది. మరో పదిహేను రోజులు ఆగుదామనిపిస్తుంది. ఎండలు ముదిరేదాకా ఆగితే మాత్రం ఆ వేసవి పూలు చాలావరకు పోయినట్లే.

కత్తిరించాక పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి, నీళ్లు పెట్టాలి. ఇసుక నేలలో పోషకాలు నీటితో పాటే కిందికి జారిపోతాయి. కాబట్టి ఎరువు ఒకేసారి కుమ్మరించకుండా విడతలుగా వేయడం మేలు. ఉగాది నాటికి కొత్త చిగుళ్ల కొసల్లో తెల్లని మొగ్గలు తొంగిచూస్తాయి.