లగాం వదిలే చెయ్యి

రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత మనదే. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెతా మనదే. మొదటిది లోపాన్ని మనిషిలో వెతకమంటుంది. రెండోది గుర్రాన్ని గట్టిగా పట్టమంటుంది. పందాల నుంచి బయటికొచ్చిన గుర్రం ఎదురైతే జనం రెండోదాన్నే పట్టుకుంటారు. లగాం లాగితే ఆగదు, ఎక్కబోతే నిలబడదు, తల విసురుతుంది, ఉన్నట్టుండి పక్కకు దూకుతుంది. మొండిదని, పొగరుదని పేరు పెట్టి ఇంకాస్త కఠినమైన కళ్ళెం కొనుక్కొస్తారు. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ గుర్రం మాట విననిది కాదు. ఇంతకుముందు నేర్పిన మాటను అక్షరం పొల్లు పోకుండా వింటోంది. అదే సైగకు ఇప్పుడు మనం వేరే అర్థం పెట్టుకున్నామన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. దానికి మర్యాద నేర్పడమంటే ఆ అర్థాలను ఒక్కొక్కటిగా మార్చడం. మనిషి మీద నమ్మకం కుదరనిదే ఏ గుర్రమూ పాత అర్థాన్ని వదులుకోదు.

తెలుగునాట రేసు గుర్రం అనగానే గుర్తొచ్చేది హైదరాబాదు మలక్‌పేట. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, 1886లో, పందాలు మౌలాలి నుంచి అక్కడికి మారాయి. పరిగెత్తేవి థరోబ్రెడ్ జాతి గుర్రాలు. రెండేళ్ల వయసుకే పందెంలో దిగుతాయి; ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి చాలావాటికి ఆ పని ముగిసిపోతుంది. బాగా చూసుకుంటే పాతికేళ్లు బతికే ప్రాణి, అంటే ఆయుష్షులో ఎక్కువ భాగం పందెం తర్వాతే. ఆ కొద్ది ఏళ్లలో అది నేర్చిన పాఠాలు చూడండి. జాకీ మనలాగా రికాబులో కాలు పెట్టి ఎక్కడు. పక్కనున్న మనిషి అతని మోకాలి కింద చెయ్యివేసి పైకెత్తుతాడు, చాలాసార్లు గుర్రం నడుస్తుండగానే. కాబట్టి వీపు మీద బరువు పడిందంటే కదలమని దానికి తెలిసిన అర్థం. పరుగులో జాకీ లగాం బిగించి పట్టుకుంటాడు, గుర్రం ఆ బిగువు మీద ఆనుకుని ఊపందుకుంటుంది. కాబట్టి నోట్లో లాగుడు తగిలితే ఆగమని కాదు, ఇంకా సాగమని. పందెం మొదలయ్యే చోట గేటు ఇనుప తలుపులు ఫటేల్మని తెరుచుకుంటే ఉన్నపళంగా ఉరకాలి. పక్కన ఇంకో గుర్రం తల కనిపిస్తే దాన్ని దాటాలి. ఇవన్నీ అది శ్రద్ధగా నేర్చుకున్నవే, మెప్పు తెచ్చినవే.

అలాంటి గుర్రం ఒకటి బెజవాడ చేరి, సవారీ నేర్పేవారి చేతికో పెళ్లి ఊరేగింపులు చేసేవారి చేతికో వచ్చిందనుకుందాం. పొద్దున్నే గవర్నరుపేటలో దుకాణం షట్టరు గరగరమని పైకి లేస్తుంది. మనకది బోణీ వేళ. దానికి గేటు తెరుచుకున్న చప్పుడు. ఎగిరిపడుతుంది, మనిషి భయపడి రెండు చేతులా లగాం లాగుతాడు, అది ఇంకా ముందుకు పోతుంది. అక్కడ ఇద్దరూ తమకు తెలిసిన సరైన పనే చేశారు. మధ్యలో భాష తెగిపోయింది. కృష్ణా డెల్టాలో ఈ చిక్కు ఇంకాస్త పెద్దది. 1850లలో ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాక ఇది వరిపొలాల సీమ అయింది. బురదలో దిగే ఎద్దూ గేదే ఇక్కడి పశువులు. జట్కా బళ్లు తిరిగిన కాలంలో పట్నంలో గుర్రాన్ని ఎరిగిన చేతులుండేవి. జట్కాలతో పాటు ఆ చేతులూ పోయాయి. ఇప్పుడు మనకు మిగిలిన పశుజ్ఞానమంతా ఎడ్లది. ఎద్దుకు కొమ్ములున్నాయి, నిలబడి ఎదుర్కోగలదు. గుర్రానికి తన కాళ్లే రక్ష. కళ్లు తలకు చెరోపక్క ఉండటం వల్ల దాదాపు చుట్టూరా చూడగలదు గానీ, సరిగ్గా నుదుటి ముందు కొంచెం చోటు, తోక వెనక కొంచెం చోటు దానికి కనిపించవు. ఎద్దును అదిలించినట్టు వెనక నుంచి వచ్చి చరిచామంటే, కనిపించని చోటి నుంచి దెబ్బ పడినట్టే లెక్క. ఇక పరిగెత్తడం తప్ప దానికి ఏం తోస్తుంది?

అయితే మన ఎడ్ల విద్యలో గుర్రానికి పనికొచ్చే గొప్ప సంగతి ఒకటుంది. అరక తోలడంలో చెయ్యి తిరిగిన రైతును గమనించండి. దాపల ఎద్దు మళ్లాలంటే పగ్గం కాస్త లాగుతాడు, అది తల తిప్పిందో లేదో వెంటనే వదులుతాడు. ఎద్దుకు పాఠం చెప్పింది లాగడం కాదు, వదలడం. గుర్రం విషయంలోనూ సూత్రం ఇదే, కాకపోతే ఇక్కడ క్షణం ఇంకా చిన్నది. లగాం మీద నాలుగు వేళ్లు మెల్లగా ముడుస్తాం. రేసు గుర్రం మొదట ఆ బిగువు మీదికి ఒరుగుతుంది. మనం లాగం, వదలం, అలాగే ఉంటాం. కాసేపటికి దవడ సడలుతుంది, అడుగు తడబడుతుంది, బరువు ఒక జానెడు వెనక్కి వస్తుంది. సరిగ్గా అప్పుడు వేళ్లు తెరవాలి. రెండు సెకన్లు ఆలస్యమై, ఈలోగా అది తల విసిరితే, ఆగినందుకు కాక తల విసిరినందుకు వదిలామని అర్థం చేసుకుంటుంది. రేపటి నుంచి తల విసురుతుంది. దానిది తప్పా మనదా అన్నది ఆ రెండు సెకన్లలో తేలిపోతుంది. గుర్రం ఇంత సూక్ష్మం గ్రహిస్తుందా అంటే, గ్రహిస్తుందని నూరేళ్ల కిందటే తేలింది. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కాలితో నేలను తట్టి లెక్కలు చెబుతోందని ఊరంతా అబ్బురపడింది. ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు పరీక్షించి 1907లో అసలు సంగతి రాశాడు. దానికి లెక్కలు రావు; జవాబు దగ్గరపడగానే ఎదుటి మనిషి తలలో, ఒంట్లో తెలియకుండా వచ్చే చిన్న కదలికను చూసి తట్టడం ఆపేది. ఆ మనిషికే తెలియని కదలికను చూడగలిగిన ప్రాణికి మన చేతిలోని కోపం కనపడదా? ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన పరిశోధనలో, కోపపు ముఖం ఉన్న ఫోటో చూపితేనే గుర్రాల గుండె వేగం పెరిగింది.

మెచ్చుకోవడం కూడా దాని భాషలోనే ఉండాలి. మెడ మీద ఫెళఫెళా చరచడం మనకు శభాష్. గుర్రాలు ఒకదాన్నొకటి ఎప్పుడూ అలా చరుచుకోవు. రెండు గుర్రాలకు పొత్తు కుదిరితే ఎదురుబొదురుగా నిలబడి, జూలు ముగిసి వీపు మొదలయ్యే మూపు దగ్గర పళ్లతో గోకుకుంటాయి. మనిషి అక్కడే వేళ్లతో గోకినా గుండె వేగం తగ్గుతుందని 1993లోనే కొలిచి చూపారు. మంచిచోటు తగిలితే కింది పెదవి వేలాడుతుంది, కళ్లు సగం మూతపడతాయి, చెవులు చెరోపక్కకు వాలతాయి. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద హయలక్షణవిలాసం రాసిన భాష మనది. గుర్రం ఒంటి మీది సుళ్లను బట్టి మంచిచెడ్డలు చెప్పే ఆచారమూ మనకుంది. సుడి పుట్టుకతో వచ్చి చచ్చేదాకా మారదు. చెవి నిమిషానికోసారి మారుతుంది. ఈ పూట గుర్రం మనసులో ఏముందో చెప్పేది చెవే, కాబట్టి చూపు అక్కడ పెట్టమంటాను.

భయం లేనిదే జంతువు మాట వినదనేవారున్నారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. నాలుగైదు వందల కిలోల బరువున్న ప్రాణి మనిషిని తోసుకుంటూ నడవడం అలవాటు చేసుకుంటే ఏదో ఒకరోజు ప్రాణం మీదికొస్తుంది. మూడు కాళ్ల సామెత చెప్పే నిజం అదే. కానీ మెత్తదనం వేరు, నిలకడ వేరు. ఒకరోజు మీదికొస్తే ముద్దు చేసి, మర్నాడు అదే పనికి కొరడా ఝళిపించేవాడు మెత్తనివాడూ కాదు, గట్టివాడూ కాదు, గుర్రానికి అంతుపట్టనివాడు. చెయ్యి చాచినంత దూరంలో గీత గీసి, ప్రతిసారీ, ఎవరు పట్టుకున్నా, ఆ గీత దాటితే వెనక్కి నడిపించి, వెనక్కి వెళ్లగానే వదిలేస్తే గుర్రం వారంలో నేర్చుకుంటుంది. భయం కూడా నేర్పుతుంది, నిజమే. అయితే దానివల్ల గుర్రం కొరడా కనిపిస్తున్నంతసేపు ఆగడమే నేర్చుకుంటుంది. కనిపించని రోజున, వెనక టపాసు పేలిన రోజున, ఆ పాఠం దానికి గుర్తుండదు.

దానికంటే బరువైన అభ్యంతరం పొట్టకూటిది. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే రోజూ ఊరేగింపులే, నెలల తరబడి గుర్రాన్ని నిలబెట్టి పాఠాలు చెబితే ఇల్లు గడిచేదెలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కానీ బ్యాండుమేళం, టపాసులు, వీపు మీద సవారీ తెలియని పెళ్లికొడుకు, చుట్టూ పిల్లలు – ఇంతకంటే కఠినమైన పరీక్ష గుర్రానికి లేదు. దాన్ని ఏ తయారీ లేకుండా రాయించి, తప్పినప్పుడల్లా నోరు కోసే ముళ్ల కళ్ళెం వేయడం పొదుపు కాదు. ఆ కళ్ళేన్ని 1965 నాటి కేంద్ర నిబంధనలే నిషేధించాయి. చట్టం సంగతి అటుంచినా, నొప్పి తగిలిన గుర్రం నొప్పి నుంచి పారిపోవాలని చూస్తుంది. జనం మధ్య అది పారిపోతే పోయేది ఒక్కరోజు బేరం కాదు. తయారీ కూడా రోజంతా అక్కర్లేదు. పావుగంట చాలు, రోజూ ఉండాలి, కుదిరిన చోటే ఆపాలి.

ఇంకో మాట, దీన్ని చాలామంది మరిచిపోతారు. మర్యాద కడుపులోంచి కూడా వస్తుంది. రేసు గుర్రం రోజులో ఎక్కువసేపు కొట్టంలోనే నిలబడి బలమైన దాణా తింటుంది. దాని పొట్టలో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది, అందుకే అలాంటి గుర్రాల్లో పుళ్లు సర్వసాధారణం. జీను కట్టు బిగిస్తుంటే కరవబోయిందంటే పొగరనుకునే ముందు పశువైద్యుడికి చూపించాలి. ఉలవలు తగ్గించి, పగలంతా కొద్దికొద్దిగా నమిలే పచ్చగడ్డి, ఎండుగడ్డి పెంచితే సగం కోపం దానంతటదే దిగుతుంది. ఎద్దులాగా ఇది నెమరువేయదు కాబట్టి వరిగడ్డి మోపు పడేసి బాధ్యత తీరిందనుకోకూడదు. ఇక బెజవాడ ఎండ. రోహిణి కార్తెలో, గాలి ఆడని ఉక్కలో, కొన్ని థరోబ్రెడ్లకు చెమట పట్టడమే మానేస్తుంది. ఒళ్లు పొడిగా ఉండి ఎగశ్వాస తీస్తుంది. కదలనంటే అది మొండితనం కాదు, జబ్బు. ఆ రోజుల్లో పాఠం తెల్లవారుజామునే ముగించాలి.

ఎక్కేటప్పుడు నిలబడటం నేర్పడానికి కాలువ గట్టు, ఒక ముక్కాలిపీట చాలు. మొదటి పూట పీట పక్కన గుర్రం నిలబడితే చాలు, మూపు గోకి ఇంటికి తీసుకుపోవచ్చు. తర్వాతి రోజుల్లో మనిషి పీట ఎక్కుతాడు, దిగుతాడు. ఆపైన వీపు మీద చెయ్యి ఆనించి బరువు వేస్తాడు. అది అడుగు వేస్తే ఏమీ అనకుండా తిప్పి తెచ్చి మళ్లీ అక్కడే నిలబెడతాడు. ఏదో ఒక ఉదయం, వీపు మీద బరువు పడ్డా కదలకుండా, గుర్రం ఒక చెవి అతని వైపు తిప్పి దీర్ఘంగా ఊపిరి వదులుతుంది. అప్పుడు లగాం వదులుగానే ఉంటుంది. ఆ పూటకు సవారీ చేయకుండా పీట తీసుకుని వెనక్కి రావచ్చు.