పెట్టె వెల, కటకము వెల

కెమేరాల వెలలనుగూర్చి స్త్రీలు చదువు మాసపత్రికలో వ్రాయుట కొందఱు సోదరీమణులకు వింతగా తోచవచ్చును. బంగారము ధర, బియ్యము ధర, కుట్టుమిషను ధర మనకు తెలిసినవే. కాని నేడు మన యాడుబిడ్డలు చేయు వృత్తులు మన తల్లులు కలలోనైన నెఱుగనివి. ఆ వృత్తులకు వలయు పనిముట్లు కొన్ని యొక పెండ్లి ఖర్చునకు సమానముగా నున్నవి. అట్టిది కావలెనని బిడ్డ అడిగినప్పుడు "అది యాటవస్తువు" అని త్రోసివేయుటయు తగదు; "నీ యిష్టము తల్లీ" అని సొమ్ము చేతిలో పోయుటయు తగదు. లెక్క చూడవలెను. లెక్క చూచుట మనకు క్రొత్తవిద్య కాదు గదా!

మా మేనకోడలు నాచారములో పారిశ్రామికవాడ ప్రక్కను ఒక గది అద్దెకు తీసికొని చీరలకును, నగలకును ఛాయాచిత్రములు తీయుచున్నది. పోచంపల్లి వైపు నేతవారును, ఉప్పల్, హబ్సీగూడ ప్రాంతముల దుకాణములవారును తమ సరకును ఆ గదికి తెచ్చి పటములు తీయించుకొని పోవుదురు. నాచారమునకు కెమేరా క్రొత్త కాదు; నందమూరి రామారావుగారి రామకృష్ణా స్టూడియో వెలసినది అచ్చటనే. మా పిల్ల గదిలో మాత్రము వేషములు లేవు, కిరీటములు లేవు. దీపములు రెండు, తెల్లని గోడ యొకటి, చీర యొకటి.

ఇన్నాళ్లును తన పాత కెమేరాతోను, అవసరమైనప్పుడు అద్దెకు తెచ్చిన వానితోను పని గడుపుకొన్నది. గత సంవత్సరము ఒకనాడు, "అత్తా, మీడియం ఫార్మాట్ కెమేరా కొనవలెను. నా పెండ్లికని నాన్న బ్యాంకులో వేసిన పదిలక్షలు నీవు చెప్పి యిప్పించవా?" అని నాయొద్దకు వచ్చినది. వెనువెంటనే మా తమ్ముడును వచ్చి, "అక్కా, పెండ్లి సొమ్ము కెమేరాలో పెట్టుదుమా? నీవే చెప్పు" మనెను. మా మరదలు వెంట వచ్చినది కాని నోరు మెదపలేదు. మా తండ్రిగారి నాటినుండి ఆ యింటి జమాఖర్చులు నా చేతిమీదుగా నడచుటచే ఈ తగవు నావంతైనది.

ముందుగా ఆ కెమేరా యెట్టిదో చెప్పవలెను. పెండ్లిండ్లలో ఛాయాచిత్రకారులు పట్టుకొని తిరుగు మంచి కెమేరాలలో వెలుగును పట్టు పలక వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. దీనికి ఫుల్ ఫ్రేమ్ అని పేరు. మీడియం ఫార్మాట్ అనబడు వానిలో నేడు తఱచుగా కనబడునది 43.8 మిల్లీమీటర్ల వెడల్పు, 32.9 ఎత్తు గలది. గుణించి చూడగా మొదటిది 864 చదరపు మిల్లీమీటర్లు, రెండవది 1441. అనగా ఒకటిన్నర రెట్లకు పైన, రెండు రెట్లకు లోపు. వెనుకటి స్టూడియోలవారు ఫిలిము చుట్టపై తీసిన ఆఱు సెంటీమీటర్ల చదరపు పటముతో పోల్చినచో నేటి పలక చిన్నదే; పేరు మాత్రము నిలిచినది. పలక పెద్దదగు కొలది పిక్సెల్ అను చుక్కలు ఎక్కువ పట్టును, నీడలలోని రంగులు చెడక నిలుచును.

మన హైదరాబాదులో ఇంతకన్న మిక్కిలి పెద్ద గాజుపలకలపై చిత్రములు తీసిన రాజా దీన్‌దయాళ్ గారు 1892వ సంవత్సరమున ఘోషా స్త్రీలకొఱకు జనానా స్టూడియో తెఱచి, దానిని నడుపుటకు ఒక ఆంగ్లవనితను నియమించిరి. ఆనాడు స్త్రీ కెమేరా ముందు కూర్చుండుటయే విశేషము. ఇప్పుడు కెమేరా వెనుక నిలిచిన పిల్ల దాని వెల యడుగుచున్నది.

వెలలకు వత్తము. ఆయా వస్తువులు వెలువడినప్పుడు అమెరికాలో ప్రకటించిన డాలర్ల వెలలను తీసికొని, డాలరునకు 85 రూపాయలని కట్టి, దానిపై మన జి.ఎస్.టి. నూటికి 18 వేసితిమి. కెమేరాలపై ఈ పన్ను 2018 చివరవఱకు నూటికి 28 ఉండి, 2019 జనవరినుండి 18కి తగ్గినది. దుకాణములో చెప్పు ధర దీనికి కొంచెము అటునిటుగా నుండును; ఒకదానితో నొకటి పోల్చుటకు ఈ లెక్క చాలును.

అన్నిటికన్న పైమెట్టున నున్నది ఫేజ్ వన్ వారిది. పలక 53.4 మిల్లీమీటర్లకు 40. చుక్కలు పదునైదు కోట్లు. 2018లో వెలువడినప్పుడు దాని వెల రమారమి 52 వేల డాలర్లు. పన్ను వేయకయే 44 లక్షలు! ఉప్పల్‌లో ఒక చిన్న యిల్లు కొనదలచిన సొమ్ము. మా ఉప్పల్‌లోనే భారత సర్వే శాఖవారి శిక్షణాలయము కలదు. విమానమునుండి భూమిని చిత్రించి పటములు గీయు విద్యకు అట్టి కెమేరాలు తగును గాని చీరకొంగునకు కాదు. ఆ కాగితము మడిచి ప్రక్కన పెట్టితిమి.

తరువాతిది స్వీడనుదేశపు హాసెల్‌బ్లాడ్. 1969లో చంద్రునిపై దిగినవారి చేతిలో నుండినది ఈ పేరు గల కెమేరాయే. పది కోట్ల చుక్కల ఎక్స్2డి పెట్టె 2022లో 8,199 డాలర్లు. 55 మిల్లీమీటర్ల కటకము 3,699. 90 మిల్లీమీటర్లది 4,299. మూడును కూడి 16,197 డాలర్లు. పన్నుతో 16 లక్షల 24 వేలు. కటకములు ఇంత ప్రియమగుటకు కారణము లేకపోలేదు. వెలుగును తెఱచి మూయు షట్టరు పెట్టెలోగాక ప్రతి కటకములోను ఇమిడియుండును. అందుచే పట్టపగటి యెండలో సైతము ఫ్లాషుదీపము సులువుగా కలియును. ఆరుబయట పెండ్లికూతుండ్రను చిత్రించువారికి అది వరము. నాలుగు గోడల నడుమ, తాను వెలిగించిన దీపములక్రింద పని చేయు మా పిల్లకు ఆ సౌకర్యమునకై సొమ్ము పోయుట దండుగ యని నా యభిప్రాయము. పిల్లయు వాదింపలేదు.

ఆమె మనసు పడినది జపానుదేశపు ఫ్యూజీఫిల్మ్ మీద. జి.ఎఫ్.ఎక్స్. 100ఎస్ 2 అను పెట్టె 2024లో 4,999 డాలర్లు. వస్తువును దగ్గఱగా తీయుటకు పనికివచ్చు 120 మిల్లీమీటర్ల మాక్రో కటకము 2,699. మామూలు పనికి 63 మిల్లీమీటర్లది 1,499. కూడిక రమారమి 9,200 డాలర్లు. పన్నుతో 9 లక్షల 22 వేలు. పదిలక్షలు ఎందులకడిగినదో అప్పుడు తేటపడినది.

నేను ఆమె తేని నాల్గవ లెక్క యొకటి అడిగితిని. ఫుల్ ఫ్రేమ్‌లో మేలైనది యెంత? సోనీవారి ఏ7ఆర్ 5, ఆఱు కోట్ల పది లక్షల చుక్కలది, 2022లో 3,899 డాలర్లు. దాని 90 మిల్లీమీటర్ల మాక్రో కటకము 1,099. పన్నుతో 5 లక్షలు. తక్కిన 4 లక్షల 20 వేలకు మనకు వచ్చునదేమి?

ఇచ్చట మేము చాలసేపు నిలిచితిమి. చీర వెడల్పు 115 సెంటీమీటర్లనుకొందము. కొంగును పటము పొడవునకు సరిపెట్టి తీసినచో ఫ్యూజీలో మిల్లీమీటరునకు 10 చుక్కలు పడును, సోనీలో 8. రెండు చుక్కలకొఱకు నాలుగు లక్షలా! అందులోను ఆ చీర కొనువారు చూచునది అఱచేతిలోని ఫోనులో. దుకాణములవారి పనికి ఈ పెద్ద పెట్టె అక్కఱలేదని తేల్చి చెప్పితిని. మా తమ్ముని ముఖము వికసించినది.

అప్పుడు పిల్ల సంచిలోనుండి ఒక తేలియా రుమాలు తీసి బల్లమీద పఱచినది. పుట్టపాకలో ఒక నేతయింటివారు తమ పెద్దల నాటి రుమాళ్లను అసలు పరిమాణములోనే అచ్చు వేయించి, నమూనాలు నశింపకుండ దాచదలచి, ఆ పని ఈమెకు అప్పగింతుమనిరి. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి కొందఱకు తెలిసియుండును. రుమాలు చదరము, ఇంచుమించు 110 సెంటీమీటర్లు. చదరమును తీయునప్పుడు పలక పొడవు పనికిరాదు, ఎత్తే ముఖ్యము. ఫ్యూజీ పలక ఎత్తున 8,736 చుక్కలు, సోనీ పలక ఎత్తున 6,336. మిల్లీమీటరునకు మొదటిదానిలో దాదాపు 8, రెండవదానిలో 6కు లోపు. అంగుళమునకు 80 పోగులున్న బట్టయైనచో మిల్లీమీటరునకు మూడు పోగులకు పైగా నుండును. పోగునకు రెండు చుక్కలైన దక్కనిచో పోగు పోగుగా కనబడక, బట్టలో లేని అలలవంటి దొంగచారలు పటములో లేచును. ఆ రెండు చుక్కలకు ఆఱుకు మించి కావలెను. ఒకటి గట్టుమీద నున్నది, మఱియొకటి నీటిలో నున్నది.

"రెండు ముక్కలుగా తీసి అతికింపరాదా?" అని తమ్ముడడిగెను. అతికింపవచ్చును, కాని యిక్కతు గళ్లలో గీత వెండ్రుకవాసి తప్పినను నేతవారి కన్ను పట్టును, ఒక్కొక్క బట్టకు పూట గడచును. ఎఱుపు సంగతియు పిల్ల చెప్పినది. ఫ్యూజీ వెలుగును 16 బిట్లలో వ్రాయును, అనగా 65,536 మెట్లు. సోనీ 14 బిట్లలో, 16,384 మెట్లు. అద్దె కెమేరాతో తీసిన పటమును, తన పాతదానితో తీసినదానిని ప్రక్కప్రక్కన చూపినది. రెండు ఎఱుపులకును గల భేదము నా కంటికి ఆనినదని చెప్పలేను. ఆ నేతపెద్ద మాత్రము చూచిన వెంటనే వ్రేలు పెట్టి చూపెనట.

అద్దె మాటయు విడువలేదు. దినమునకు 5 వేలని యుంచుకొన్నచో 9 లక్షల 22 వేలకు 184 దినములు వచ్చును. నెలకు రెండు దినములే పనియున్నవారు ఏడేండ్లకు పైగా అద్దెతో గడుపవచ్చును. కాని పాతబట్టలు పెట్టెలోనుండి తీయుటకు ఇంటివారికి తీరికయైన దినమున కెమేరా చేతిలో నుండవలెను.

ఇక నేను పాత వెలలను వరుసగా వ్రాసి చూచితిని. పది కోట్ల ఇరువది లక్షల చుక్కల ఫ్యూజీ పెట్టె, జి.ఎఫ్.ఎక్స్. 100 అను పేర, 2019లో 9,999 డాలర్లు. అన్ని చుక్కలే గల 100ఎస్ 2021లో 5,999. 100ఎస్ 2, 2024లో 4,999. ఐదేండ్లలో వెల సగమైనది! హాసెల్‌బ్లాడ్ వారిదియు నట్లే. 2025లో వచ్చిన రెండవ ఎక్స్2డి మొదటిదానికన్న 800 డాలర్లు తక్కువ. కటకములో? 2017లో వెలువడిన ఆ 120, ఆ 63 మిల్లీమీటర్లవే నేటి పెట్టెకును తగులుకొనుచున్నవి. పెట్టె పాడియావు వంటిది, కటకము పొలము వంటిది అని తమ్మునితో అంటిని. ఆవు ముసలిదగును, పొలము నిలుచును. కావున పెట్టెను పాతదిగా కొని, కటకమును క్రొత్తదిగా కొనుట నా తీర్పు.

తమ్ముడు ఇంకను తటపటాయించుచు, "రేపు పెండ్లివారు వచ్చి అడిగినచో?" అనెను. అప్పటివఱకు మాటాడని మరదలు, "నా పెండ్లికి మావాళ్లు నగలును పెట్టిరి, కుట్టుమిషనును ఇచ్చిరి. నగలు లాకరులో నున్నవి. పిల్ల చదువునకు ఫీజులు కట్టినది మిషను" అన్నది. తమ్ముడు మఱి మాటాడలేదు. డిపాజిట్టులు రెండుగా నుండుటచే ఒకటి విఱుచుట సులభమైనది.

ఒక ఛాయాచిత్రకారుడు వాడి విడిచిన 100ఎస్ పెట్టె, క్రొత్త 100ఎస్ 2 వెలలో సగమునకు లోబడి దొరికినది. కొనుటకు ముందు పిల్ల దానిని పరీక్షించిన తీరు, పప్పులో పురుగు చూచు గృహిణిని తలపించినది. అసలు రసీదుపై నంబరును పెట్టె క్రిందనున్న నంబరుతో సరిచూచినది. ఇంతవఱకు ఎన్ని పటములు తీసినదో దానిచేతనే చెప్పించినది. తెల్లగోడను చిన్న రంధ్రముతో చిత్రించి, పెద్దది చేసి, పలకపై మచ్చలు వెదకినది. 120 మిల్లీమీటర్ల కటకము క్రొత్తది పన్నుతో మా లెక్కకు 2 లక్షల 70 వేలు. అంతటితో ఖర్చు తీరలేదు. కుదింపని పటమొక్కటి 204 మెగాబైట్లు. దినమునకు 200 తీసినచో 40 గిగాబైట్లు నిండును. మెమొరీ కార్డులు, నకలుకు రెండు హార్డు డిస్కులు, వానలకాలములో కటకమునకు బూజు పట్టకుండ గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లములు. వెల విచారించునప్పుడు వీనిని దుకాణదారుడు చెప్పడు, మనమే అడుగవలెను. అన్నియు కలిసి ఆఱు లక్షలకు లోపల ముగిసినది. నాలుగు లక్షలు బ్యాంకులో నున్నవి.

63 మిల్లీమీటర్ల కటకము ఇంకను కొనలేదు. పుట్టపాక రుమాళ్లలో సగము తీయుట ముగిసినది; ఆ పని కూలి చేతికందిన పిదప చూతమని పిల్ల నోటుపుస్తకములో దాని పేరు వ్రాసి, ఎదుట వెల గడి ఖాళీగా విడిచినది. దుకాణముల చీరలను మాత్రము నేటికిని తన పాత కెమేరాతోనే తీయుచున్నది.