నల్లంచు ఇంటిపేరు

మా ఓర్వకల్లులో ఎటు చూసినా బండలే. సముద్రం మొగం చూడని అలాంటి వూళ్ళో సముద్రపు నత్తల మీద వాదన జరిగిందంటే మీరు నమ్మకపోవచ్చు. జరిగింది; అదీ మా అమ్మాయి పెళ్ళి మాటల మధ్య!

అమ్మాయి విశాఖపట్నంలో జంతుశాస్త్రం చదివింది. క్రోమోడోరిడిడే అనే నత్తల కుటుంబమంటే దానికి ప్రాణం. పెద్దయ్యాక వీటికి గుల్ల వుండదు. నీలం, పసుపు, ఎరుపు - పట్టుచీరల కొట్టు తెరిచినట్టుంటాయి. స్పాంజీలను తిని, వాటిలోని విషాలను ఒంట్లో దాచుకుంటాయి. 'నా జోలికి రావద్దు' అని చేపలకు చెప్పడానికే ఆ రంగులు.

అమరావతి శిల్పాలను తవ్వించిన వాల్టర్ ఇలియట్ దొర వాల్టేరు తీరాన సముద్రపు నత్తలనూ పోగుచేశాడు. వాటిని పరిశీలించి ఆల్డర్, హాన్‌కాక్ అనే ఇంగ్లీషు పండితులు 1864లో కొత్తవాటికి పేర్లు పెట్టారు. వేరే కుటుంబానికి చెందిన ఒక నత్తకు 'కళింగ' అని ఇంటిపేరు ఇచ్చారు!

అవును, శాస్త్రంలోనూ మనకు మల్లేనే ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. మీగడరంగు ఒంటికి నల్లంచు వున్న నత్తకు 1804లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 'డోరిస్ ఆట్రోమార్జినాటా' అని పేరు పెట్టాడు. రెండో మాటకు అర్థం నల్లంచుదనే. తరువాత అది 'గ్లోసోడోరిస్' వారింట చేరింది. 2012లో జాన్సన్, గోస్లినర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. పరీక్షించి చూస్తే, ఒకే ఇంటివనుకున్నవి చాలా వరకు వేర్వేరు ఇళ్ళవని తేలింది. నల్లంచు ఇంటిపేరు 'డోరిప్రిస్మాటికా' అయింది. సొంతపేరు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

పెళ్ళయినా ఇంటిపేరు మార్చుకోనని అమ్మాయి అనేసరికి, మా అత్తగారు అందుకున్నారు. "నత్తే మార్చుకున్నెప్పుడు నీకేమొచ్చిందే?"

"దాని రక్తసంబంధం తెలుసుకుని మార్చినారవ్వా, పెండ్లి చేసి కాదు!"

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇలా ఇంటిపేరు మారితే, మొదట నామకరణం చేసినవారి పేరును బ్రాకెట్లలో వేస్తారట - (కువియే, 1804) అని. ఈ పేరు వేరే ఇంట పుట్టిందని దాని గుర్తు.

పెళ్ళయిన నాటినుంచి నేను అత్తవారి ఇంటిపేరుతోనే సంతకం చేస్తున్నాను. విచారం లేదు. కాని బ్యాంకు పుస్తకంలో గాని, రేషన్ కార్డులో గాని నా పుట్టింటికి అలాంటి బ్రాకెట్లు లేవు. నత్తను చూసి కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

పెళ్ళికొడుకు సరేనన్నాడు. ఇక వియ్యపురాలికి చెప్పాలి. ఆ మాట నేనే చెబుతానన్నాను.