బొట్టూ, కిమోనో

ఇంగ్లండ్ వచ్చిన మూడో ఏడు మా ఊరి ఔత్సాహిక నాటక బృందంలో కోరస్ పాడడానికి చేరాను. ఆ ఏడు వేస్తున్నది ‘మికాడో’. గిల్బర్ట్ మాటలు, సలివన్ సంగీతం. 1885లో లండన్‌లో మొదలైన హాస్య సంగీత నాటకం. కథ జపాన్‌లో జరుగుతుంది కానీ, వెక్కిరింపంతా ఇంగ్లండ్ అధికారుల మీదే.

వేషాల రోజున చేతికి కిమోనో ఇచ్చి, కళ్ళు ఏటవాలుగా దిద్దుతామన్నారు. నాకు మాట పెగల్లేదు. అంతకు ముందోసారి ఒకాయన స్టేజి మీద బొట్టు పెట్టుకుని, తలాడిస్తూ మన యాసలో మాట్లాడితే హాలంతా నవ్వింది. మొహమాటానికి నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

మర్నాడు దర్శకురాలికి ఆ సంగతే చెప్పాను.

“అయితే నాటకం మానేద్దామా?” అంది.

“వద్దు, పాటలు బంగారం. వేషాలు మారుద్దాం” అన్నాను.

1986లోనే జొనాథన్ మిల్లర్ ఇంగ్లిష్ నేషనల్ ఒపేరాలో దీన్ని ఇంగ్లండ్ హోటల్ కథలా వేశారు. మేము కౌన్సిల్ ఆఫీసు చేశాం. పదవులన్నీ ఒక్కడే వెలగబెట్టే పూబా ఫైళ్ళ కట్టలతో రాగానే జనం పగలబడి నవ్వారు.

గుమాస్తా వేషంలో నేను, రోజూ పెట్టుకునే బొట్టుతోనే పాడాను.